ఓట్స్ పైపొరతో ఆపిల్ క్రిస్ప్: కరకరలాడేలా చేసుకోవడం ఎలా?

ఆపిల్ క్రిస్ప్‌లో పని తక్కువ. పండ్లు కోయాలి, ఓట్స్, పిండి, వెన్న కలిపి వాటి మీద చల్లాలి, ఓవెన్‌లో పెట్టాలి. పొంగుతుందో లేదోనన్న బెంగ లేదు, గుడ్లు గిలకొట్టే పని లేదు. అయినా చాలా ఇళ్లలో ఇది ఒకే చోట దెబ్బతింటుంది. ఓవెన్ నుంచి తీసినప్పుడు బంగారు రంగులో మెరిసిన పైపొర, వడ్డించే వేళకు మెత్తబడి ముద్దవుతుంది. కారణం తడి. పండులో నీరు, వెన్నలో నీరు, బెల్లంలో చెమ్మ, గిన్నెలో చిక్కుకున్న ఆవిరి. ఈ నాలుగింటినీ ఎక్కడికక్కడ కట్టడి చేయగలిగితే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు.

అమెరికాలో ఇది ఆకురాలే కాలపు వంట. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి తోటల్లోకి వెళ్లి ఎవరి పండ్లు వాళ్లే కోసుకుని, డబ్బు కట్టి తెచ్చుకునే వాడుక ఉంది. పిల్లలతో సరదాగా వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడా సంచుల కొద్దీ తెచ్చుకుని, తిన్నన్ని తిన్నాక మిగిలినవాటిని ఏం చేయాలా అని ఆలోచనలో పడతాయి. అలాంటి పండ్లకు ఇది సరైన దారి. 1924 నాటికే అమెరికా వంట పుస్తకాల్లో ఆపిల్ క్రిస్ప్ కనిపిస్తుంది. దీనికి దగ్గరి చుట్టమైన క్రంబుల్, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వెన్న, పిండి రేషన్‌లో మాత్రమే దొరికిన రోజుల్లో బ్రిటన్‌లో బాగా వాడుకలోకి వచ్చింది. పండ్ల మీద పిండి అప్పడం ఒత్తి కప్పే పై అనే వంటకంతో పోలిస్తే ఖర్చూ తక్కువ, నేర్పూ అంతగా అక్కర్లేదు.

ఏ ఆపిల్ కొనాలి?

సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది. కాల్చినా ముక్క ముక్కగానే నిలిచే పండు కావాలి. పుల్లని ఆపిల్‌కు ఆ గుణం ఎక్కువ. కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్, పులుపు ఉన్నచోట వేడికి త్వరగా కరగదు. అందుకే ఆకుపచ్చని గ్రానీ స్మిత్‌కు ఈ వంటలో అంత పేరు. 1868లో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ తోటలో పుట్టిన రకం అది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. అమెరికాలో ఉన్నవారికైతే మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసిన హనీక్రిస్ప్ మంచి జోడీ. మెకింటాష్ రకం మాత్రం కాల్చితే గుజ్జైపోతుంది. దాన్ని సాస్‌కు ఉంచుకోవడం మేలు.

మన పండ్ల బండి మీద ఎక్కువగా కనిపించేది ఎర్రని డెలిషస్ జాతి. హిమాచల్‌లోని కోట్‌గఢ్‌లో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ 1916 ప్రాంతంలో తన దేశం నుంచి తెప్పించి నాటిన మొక్కలతో ఈ జాతి అక్కడ వేళ్లూనుకుంది. ఆయనే తర్వాత సత్యానంద్ స్టోక్స్ అయ్యారు. పచ్చిగా తినడానికి ఇది తియ్యగా, హాయిగా ఉంటుంది గానీ పులుపు తక్కువ. ఓవెన్‌లో పెడితే నీరు వదిలి చతికిలబడుతుంది. అలాగని దాన్ని పక్కన పెట్టనక్కర్లేదు. సగం ఎర్ర ఆపిల్, సగం గ్రానీ స్మిత్ వేస్తే తీపి, పులుపు రెండూ కుదురుతాయి. అసలు గ్రానీ స్మిత్ దొరక్కపోతే ఎర్ర పండ్లలోనే గట్టిగా, కాస్త ఆకుపచ్చని చార ఉన్నవాటిని ఏరుకోండి. ముక్కలు మందంగా కోయండి, నిమ్మరసం రెట్టింపు చేయండి, చక్కెర సగానికి తగ్గించండి. హిమాచల్ పండ్లు జూలై, ఆగస్టుల నుంచి, కశ్మీర్ పండ్లు సెప్టెంబరు తర్వాత మన మార్కెట్లకు దిగుతాయి. ఆ నెలల్లో కొన్న తాజా పండుకూ, వేసవిలో కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన పండుకూ తేడా కత్తి పెట్టగానే తెలుస్తుంది. నిల్వ పండు చప్పుడు లేకుండా తెగుతుంది, గుజ్జు పొడిపొడిగా ఉంటుంది. దానితో ఈ వంట చేయకండి.

కావలసినవి

ఆరుగురి నుంచి ఎనిమిది మందికి సరిపోయే కొలత ఇది. 20 సెంటీమీటర్ల చదరపు గిన్నె, లేదా సుమారు రెండు లీటర్లు పట్టే ఓవెన్ గిన్నె తీసుకోండి.

పండ్ల పొరకు: ఆపిల్ 1 కిలో, చక్కెర 50 గ్రాములు, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, కార్న్‌ఫ్లోర్ 1 టేబుల్ స్పూను, దాల్చినచెక్క పొడి 1 టీస్పూను, జాజికాయ పొడి చిటికెడు, ఉప్పు చిటికెడు.

పైపొరకు: రోల్డ్ ఓట్స్ 100 గ్రాములు, మైదా లేదా గోధుమపిండి 90 గ్రాములు, బెల్లం పొడి లేదా బ్రౌన్ షుగర్ 100 గ్రాములు, చల్లని వెన్న 100 గ్రాములు, ఉప్పు పావు టీస్పూను, దాల్చినచెక్క పొడి అర టీస్పూను, ముక్కలు చేసిన అక్రోట్లు 50 గ్రాములు.

అమెరికా వంటల్లో తీపి మన నోటికి ఎక్కువే అనిపిస్తుంది. పైన ఇచ్చినది తగ్గించిన కొలతే. ఇంకా తగ్గించాలనుకుంటే పండ్లలో తగ్గించండి గానీ పైపొరలో వద్దు. పైపొరలోని చక్కెర తీపి కోసమే కాదు. అది కరిగి, చల్లారాక మళ్లీ గట్టిపడి ఓట్స్‌ను పట్టుకుంటేనే కరకర వస్తుంది.

ఓట్స్ విషయంలో రాజీ పడకండి. మన కిరాణా కొట్లలో ఎక్కువగా ఉండేవి మూడు నిమిషాల్లో ఉడికే పలుచని రకం. అవి వెన్నను పీల్చుకుని పిండిలో కలిసిపోతాయి. మసాలా ఓట్స్ గురించి చెప్పనే అక్కర్లేదు. ప్యాకెట్ మీద రోల్డ్ ఓట్స్ అని ఉన్నది, రేకులు మందంగా, విడివిడిగా కనిపించేది తీసుకోండి. గింజను రేకులుగా నొక్కకుండా ముక్కలుగా కోసిన స్టీల్ కట్ ఓట్స్ అయితే ఎంత కాల్చినా పంటికి రాళ్లలా తగులుతాయి.

వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, మిగతాదాంట్లో చాలావరకు నీరే. ఇక్కడ మనకు అమెరికన్లకు లేని ఒక సౌకర్యం ఉంది. అది నెయ్యి. అందులో నీరు దాదాపు ఉండదు కాబట్టి పైపొర మరింత గట్టిగా కరకరలాడుతుంది. 100 గ్రాముల వెన్నకు బదులు పూస కట్టిన నెయ్యి 80 గ్రాములు, పిండి అతుక్కోవడానికి ఒక టేబుల్ స్పూను చల్లని పాలు వేయండి. వెన్న వేస్తే ఉండలు బాగా కడతాయి, నెయ్యి వేస్తే పొడి సన్నగా వస్తుంది. నా ఓటు సగం వెన్న, సగం నెయ్యికే. ఉప్పు వేసిన వెన్న వాడుతుంటే పైపొరలో విడిగా ఉప్పు మానేయండి.

బెల్లం వాడేవారు ముందుగా ఒక పని చేయాలి. పొడిని పళ్లెంలో పలుచగా పరిచి, ఉండలు చిదిపి, ఫ్యాను కింద కాసేపు ఆరనివ్వాలి. అనకాపల్లి బెల్లమైనా, కామారెడ్డి బెల్లమైనా వానాకాలంలో చెమ్మ లాగుతుంది. ఆ చెమ్మ నేరుగా పైపొరలోకి చేరుతుంది. పైగా బెల్లం చక్కెర కంటే ముందే నల్లబడుతుంది. కాబట్టి చివరి పావుగంట ఓవెన్ ముందు నుంచి కదలకూడదు.

మొదట పైపొర

చాలామంది పండ్లు కోసి పెట్టుకున్నాక పైపొర మొదలుపెడతారు. ఆలోగా ముక్కలు నీరు ఊరతాయి. వరుస మార్చండి, పైపొరే ముందు.

ఓట్స్‌ను మందపాటి మూకుడులో నూనె లేకుండా సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు వేయించండి. కమ్మని వాసన వచ్చి, అంచులు లేత గోధుమ రంగుకు తిరిగితే చాలు. కాకినాడ, విశాఖ వంటి తీరప్రాంతాల్లో ప్యాకెట్ విప్పిన వారానికే ఓట్స్ మెత్తబడతాయి, అక్కడ ఈ పని తప్పనిసరి. వేయించినవి పూర్తిగా చల్లారాలి. వేడి మీద వెన్న కలిపితే కరిగి జిడ్డవుతుంది.

వెడల్పాటి గిన్నెలో ఓట్స్, పిండి, బెల్లం పొడి, దాల్చినచెక్క, ఉప్పు కలపండి. చల్లని వెన్నను చిన్న ముక్కలుగా కోసి వేసి, వేళ్ల కొసలతో నలుపుతూ పిండిలోకి పట్టించండి. అరచేయి తగలనివ్వకండి, దాని వేడికి వెన్న కరుగుతుంది. సున్నుండ చుట్టేటప్పుడు చూసుకున్నట్టే ఇక్కడా పరీక్ష: కొద్దిగా తీసి పిడికిట పడితే ముద్ద నిలవాలి, బొటనవేలితో నొక్కితే రెండుమూడు పెచ్చులుగా విరగాలి. నిలవకపోతే ఇంకాస్త వెన్న, జారిపోతుంటే రెండు స్పూన్ల పిండి. అక్రోట్లు చివరన కలిపి గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఏప్రిల్, మే నెలల్లో వంటింటి వేడికి వెన్న చేతిలోనే నీరవుతుంది. అప్పుడు మధ్యలో ఒకసారి పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ నలపండి.

పండ్లు

ఓవెన్‌ను 180 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 350 ఫారన్‌హీట్‌కు వేడి చేయడం ఇప్పుడే మొదలుపెట్టండి. ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్ అయితే పైనా కిందా రెండు రాడ్లూ వేసి కనీసం పావుగంట ఆగాలి.

తొక్క తీయండి. తొక్కతో ఉంచితే పోషకాలు ఎక్కువని అనేవారున్నారు, నిజమే కావచ్చు, కానీ కాలిన తొక్క చుట్టలు చుట్టుకుని నోట్లో విడిగా తగులుతుంది. పైగా దుకాణంలో మెరిసే పండ్లకు చాలావాటికి మైనం పూత ఉంటుంది. గింజల భాగం తీసేసి, ముక్కలను 7, 8 మిల్లీమీటర్ల మందాన కోయండి. అన్నీ ఒకే మందంలో ఉండటం ముఖ్యం. పలుచనివి కరిగిపోయే వేళకు మందపాటివి పచ్చిగా మిగిలిపోతే ఏ మసాలా దాన్ని కాపాడలేదు.

కోసినవి కోసినట్టే నిమ్మరసంలో వేయండి. ముక్క నల్లబడకుండా ఉంటుంది గానీ దాల్చినచెక్క కలిశాక ఆ రంగును ఎవరూ పట్టించుకోరు. నిమ్మరసం అసలు పని ముక్కను గట్టిగా ఉంచడం, తీపికి పదును పెట్టడం.

ఆపిల్‌లో 85 శాతం దాకా నీరే. రసం ఎక్కువగా ఉన్న పండైతే ముక్కలకు చక్కెర పట్టించి ఇరవై నిమిషాలు వదిలేయండి. అడుగున చేరిన రసాన్ని చిన్న గిన్నెలోకి వంచి, పొయ్యి మీద చిక్కబడే దాకా మరిగించి, చల్లార్చి మళ్లీ ముక్కల్లోనే కలపండి. రుచి ఎక్కడికీ పోదు, నీరు మాత్రం పోతుంది. గట్టి గ్రానీ స్మిత్‌కు ఈ శ్రమ అవసరం లేదు, చక్కెర నేరుగా కలిపేస్తే చాలు.

చివరగా కార్న్‌ఫ్లోర్, దాల్చినచెక్క, జాజికాయ, ఉప్పు కలపండి. దాల్చినచెక్కను బిర్యానీ కోసం దాచిన చెక్క నుంచి అప్పటికప్పుడు దంచి జల్లెడ పట్టుకుంటే డబ్బాలో పొడికంటే ఎంతో ఘాటుగా ఉంటుంది. అప్పుడు కొలత కొద్దిగా తగ్గించాలి.

గిన్నెలో పేర్చడం

గాజు లేదా పింగాణీ గిన్నెకు వెన్న రాసి ముక్కలను పరచండి. కుప్పగా పోస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి, పండు ఉడికి కుంగినప్పుడు పైపొర కూడా వాటిలోకి కూలుతుంది. చేత్తో సర్ది, ముక్కలు ఒకదానికొకటి ఆనేలా చేయండి. గాజు గిన్నెను ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగిలే ప్రమాదం ఉంది. అల్యూమినియం గిన్నె అయితే అడుగున బేకింగ్ కాగితం వేయండి. పుల్లని రసం ఆ లోహంతో కలిస్తే రుచి మారుతుంది.

ఫ్రిజ్‌లోని పైపొర మిశ్రమాన్ని గుప్పిళ్లతో తీసి, కొన్ని పెద్ద ఉండలు, కొంత పొడి ఉండేలా చల్లండి. నొక్కకండి, చదును చేయకండి. ఉండల మధ్య సందుల్లోంచే పండ్ల ఆవిరి బయటకు పోవాలి. నున్నగా తట్టి మూసేస్తే ఆ ఆవిరి పైపొరనే అడుగు నుంచి ఉడకబెడుతుంది. మందం ఎక్కడా ఒకటిన్నర సెంటీమీటరు దాటకూడదు.

కాల్చడం

గిన్నెను మధ్య అరలో పెట్టండి. రసం పొంగి కింది రాడ్ మీద పడితే ఇల్లంతా పొగ, కాబట్టి కింద ఒక ట్రే ఉంచండి. చిన్న ఓటీజీలో పై రాడ్ గిన్నెకు మరీ దగ్గరగా ఉంటుంది. అందులో కింది అర వాడండి. పైపొర తొందరగా రంగు తిరిగితే పై రాడ్ ఆపేసి కింది రాడ్‌తోనే కొనసాగించండి. అల్యూమినియం ఫాయిల్ బిగించి కప్పడం కంటే ఇదే మేలు, ఫాయిల్ కింద ఆవిరి చేరుతుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లోనూ, ఫ్యాను ఉన్న ఓవెన్‌లోనూ 165, 170 డిగ్రీలు చాలు.

సమయం 45 నుంచి 55 నిమిషాలు. అయితే గడియారాన్ని కాకుండా గిన్నె మూలలను చూడండి. అరగంటకు అంచుల వెంట బుడగలు మొదలవుతాయి. అవి చిన్నవి, పలుచనివి, గబగబా వచ్చి పగిలిపోతాయి. లోపల రసం ఇంకా నీళ్లగానే ఉందని అర్థం. పైపొర అప్పటికే ఎర్రగా, ఊరించేలా కనిపిస్తుంది. అక్కడే చాలామంది తీసేస్తారు. ఇంకో పావుగంట ఆగితే బుడగ పెద్దదై, నిదానంగా ఉబ్బి, బుడుక్కుమని పగులుతుంది. పగిలిన చోట గాజు గోడకు తేనె రంగు చార అంటుకుంటుంది. ఆ బుడగలు మూలల్లోనే కాక మధ్యలో కూడా ఉండల సందుల్లోంచి కనిపించాలి. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా చిక్కబడాలంటే రసం మరుగు దాకా వెళ్లాల్సిందే. నమ్మకం కుదరకపోతే సన్నని కత్తిని పైనుంచి దించి చూడండి. ముక్క కొద్దిగా అడ్డుపడి, తర్వాత దిగిపోవాలి.

తీశాక ఏం చేయకూడదు?

మూత పెట్టకూడదు. వండినదేదైనా పళ్లెం కప్పి ఉంచడం మన వంటింటి అలవాటు. ఈ ఒక్క వంటకు అది పనికిరాదు. గిన్నెను తీగల స్టాండు మీద, గాలి ఆడేచోట అరగంట వదిలేయండి. ఆ అరగంటలో రెండు పనులు జరుగుతాయి. అడుగున రసం చిక్కబడుతుంది, పైన కరిగిన చక్కెర గట్టిపడుతుంది. వేడివేడిగా తవ్వితే పులుసు కారుతుంది, పైపొర మెత్తగా ఉంటుంది. అప్పుడు వంట చెడిందని అనుకునేవారు పాపం ఇంకో ఇరవై నిమిషాలు ఆగలేకపోయినవారే.

వెనిలా ఐస్‌క్రీమ్ సంప్రదాయ జోడీ. తీపి ఎక్కువనిపిస్తే బట్టలో కట్టి నీరు తీసిన గడ్డపెరుగు వేసుకోండి, ఆ పులుపు ఇంకా బాగుంటుంది. ఏది వేసినా గిన్నె మొత్తం మీద కాదు, ఎవరి కప్పులో వారికి, పక్కన.

అతిథులు ఆలస్యంగా వస్తారని తెలిస్తే పైపొరను విడిగా ట్రేలో పరిచి 160 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ కాల్చి పెట్టుకోవచ్చు. పండ్లను వేరే గిన్నెలో ఉడికించి, వడ్డించేటప్పుడు కలపాలి. కరకరకు ఢోకా ఉండదు. కానీ పండ్ల రసం, ఓట్స్ కలిసిన చోట జిగురుగా సాగే ఆ మధ్య పొర మాత్రం రాదు, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఓవెన్ లేకపోతే

కుక్కర్‌లో ఇసుకో ఉప్పో పోసి కేకు చేసినట్టు దీన్ని చేయవద్దు. వేడి కింది నుంచే వస్తుంది, మూత కింద ఆవిరి నిండుతుంది, పైపొర ఎర్రబడదు. దానికి బదులు ముక్కలను వెన్నలో మూత లేకుండా ఎనిమిది, పది నిమిషాలు మగ్గించండి. చివర్లో అర టేబుల్ స్పూను కార్న్‌ఫ్లోర్‌ను నీళ్లలో కలిపి పోసి, రసం చిక్కబడేదాకా ఉంచండి. పైపొర మిశ్రమాన్ని వేరే మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూ పది, పన్నెండు నిమిషాలు వేయించండి. పళ్లెంలోకి తీసి చల్లారనిస్తే గట్టిపడుతుంది. కప్పులో పండు, పైన పొడి. ఎయిర్ ఫ్రయర్ ఉన్నవారు చిన్న గిన్నెల్లో 160 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు పెట్టొచ్చు, అయితే గాలికి ఓట్స్ ఎగరకుండా అక్కడ మాత్రం పైపొరను కొద్దిగా అదమాలి.

ఆపిల్ కాకుండా

మన వేసవికి తోతాపురి మామిడి బాగా నప్పుతుంది. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే ఈ రకాన్నే కలెక్టర్ కాయ అని కూడా అంటారు. పూర్తిగా పండకముందు, గట్టిగా ఉండి సగం పసుపు తిరిగినప్పుడు కోస్తే ముక్క నిలుస్తుంది, పులుపూ ఉంటుంది. దాల్చినచెక్క మానేసి ఏలకులు, చిటికెడు శొంఠి వేయండి. బంగినపల్లిని ఈ పనికి వాడటం అన్యాయం, అది కోసుకుని తినే పండు. జూన్, జూలైల్లో వచ్చే ఆలూబుఖారాను తొక్కతోనే వేసి కార్న్‌ఫ్లోర్ రెట్టింపు చేయాలి. అనాస ముక్కలను ముందుగా మూకుడులో నీరు ఇగిరేదాకా వేయించాల్సిందే. సపోటా, అరటి వద్దు, పులుపు లేక చప్పగా తేలిపోతాయి.

మిగిలినది చల్లారాక మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు ఆగుతుంది. మళ్లీ వేడి చేయాలంటే మైక్రోవేవ్ కాదు, ఓవెన్‌లో 160 డిగ్రీల వద్ద మూత లేకుండా పది, పన్నెండు నిమిషాలు. పైపొర మిశ్రమాన్ని ఒకేసారి రెండింతలు కలిపి, సగాన్ని గాలి చొరని సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు బాగుంటుంది. వాడేటప్పుడు కరగనివ్వకుండా గడ్డగా ఉన్నదాన్నే చిదిపి పండ్ల మీద చల్లి, మామూలు కంటే ఐదు నిమిషాలు ఎక్కువ కాల్చండి.